పాత పేజీని పీకెయ్యకండి, తేదీ వేసి దిద్దండి!

కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ విన్నపం

మా తాత విశాఖపట్నం జిల్లాలో పుట్టాడు. మా నాన్నా నేనూ కోరాపుట్ జిల్లాలో పుట్టాం. మా అబ్బాయి రాయగడ జిల్లాలో పుట్టాడు. అందరం పుట్టింది రాయగడలో ఒకే ఇంట్లో, ఒకే గదిలో. ఇల్లు ఉన్నచోటే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మనల్ని తీసుకుంది. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లాను నాలుగు ముక్కలు చేసి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి అన్నారు. 2011లో ఒరిస్సా కాస్తా ఒడిశా అయింది. మనం ఎక్కడికీ పోలేదు, పేర్లే మన మీదుగా నడిచిపోయాయి.

ఇప్పుడు చెప్పండి. తెలుగు వికీపీడియాలో ఏ మూలనైనా ‘రాయగడ, ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లాకు చెందిన పట్టణం’ అని కనబడితే దాన్ని ఏం చెయ్యాలి?

ఈ కరపత్రం ఆ ఒక్క ప్రశ్న కోసమే. చందా అడగడం లేదు, ఓటు అడగడం లేదు. రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట, మీ చేతిలో ఉన్న ఫోను, అంతే మేం అడిగేది. దీంతో బజ్జీల నూనె అద్దుకునే ముందు అటూ ఇటూ తిప్పి చదవండి.

వికీపీడియా అంటే ఏదో కంపెనీ వాళ్ళు రాసిపెట్టే పుస్తకం అనుకునేవాళ్ళు మన బజార్లో ఇంకా ఉన్నారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. ఈ రోజు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసినవాళ్ళంతా మనలాంటివాళ్ళే. మేష్టార్లు, ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు. రాసినవాడు రాసి తన పని మీద తను పోతాడు. ఆ తరువాత కలెక్టరు మారతాడు, ఎమ్మెల్యే మారతాడు, జిల్లా మారుతుంది. జయపురంలో 1947లో మొదలైన విక్రమదేవ్ కళాశాల 2023లో విశ్వవిద్యాలయం అయి కూర్చుంది. పేజీ మాత్రం తనంతట తాను మారదు. దాన్ని ఎవరో ఒకరు ముట్టుకోవాలి.

పాత పేజీ కనబడగానే మనలో రెండు రకాల మనుషులు బయల్దేరతారు. ఒకాయన ‘మనకెందుకులే’ అని ఫోను జేబులో పెట్టేస్తాడు. రెండో ఆయన ఆవేశపరుడు. ‘అంతా తప్పు, తీసి పారెయ్యండి’ అంటూ పేజీ నెత్తిన తొలగింపు మూస, అంటే ‘తీసెయ్యండి’ అనే చీటీ, అతికిస్తాడు. మొదటాయన సంగతి వదిలేద్దాం, ఈ కాగితం కూడా ఆయన చదవడు. రెండో ఆయన చేసేది ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం. ఆయనతోనే మా వాదన.

ఏ కలెక్టరాఫీసుకైనా వెళ్ళి చూడండి. కలెక్టరు కుర్చీ వెనక గోడకి ఒక చెక్క బోర్డు ఉంటుంది. ఎవరెవరు కలెక్టర్లుగా పనిచేశారో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో వరసగా పేర్లుంటాయి. కొత్తాయన వచ్చినప్పుడు పెయింటరు పాతాయన పేరు చెరపడు. పాతాయన పేరు పక్కన ‘వరకు’ అన్న గడిలో తేదీ వేస్తాడు, కింద కొత్త పేరు రాస్తాడు. పాతబడ్డ వికీ పేజీకి చెయ్యాల్సింది కూడా ఆ పెయింటరు పనే. ‘రాయగడ కోరాపుట్ జిల్లాలో ఉంది’ అన్న వాక్యం 1992 అక్టోబరు 1 దాకా నూటికి నూరుపాళ్ళు నిజం. దాన్ని చెరిపేస్తే ఒక నిజం పోతుంది. ‘1992 దాకా కోరాపుట్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు తనే జిల్లా కేంద్రం’ అని రాస్తే రెండు నిజాలు మిగులుతాయి.

పాతబడడం వేరు, తప్పవడం వేరు. ఈ తేడా తెలియని ఉత్సాహం ఎంత చేటు చేస్తుందో ఒక ఉదాహరణ. ఒక కుర్రాడు కూర్చుని, ఎక్కడ ‘ఒరిస్సా’ కనబడితే అక్కడ ‘ఒడిశా’ అని మార్చుకుంటూ పోతాడనుకోండి. ఒక గంటలో వంద పేజీలు దిద్దానని మీసం తిప్పుతాడు. కానీ కటకంలో ఉన్న హైకోర్టు పేరు ఇప్పటికీ అధికారికంగా ఒరిస్సా హైకోర్టే. 1936లో ఏర్పడింది ఒరిస్సా రాష్ట్రమే. ఆ కుర్రాడు వంద తప్పులు దిద్దుతూ కొత్తవి కొన్ని పుట్టించాడు. వాటిని వెతికి పట్టుకోవడం మొదటి వందకన్నా కష్టం.

మనందరికీ గుర్తున్న సంగతి ఇంకొకటుంది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. నలభై మంది దాకా పోయారు. అప్పుడు కూనేరు విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో జిల్లాలు మారి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఆ ప్రమాదం పేజీలో జిల్లా పేరు తీసి కొత్తది పెట్టెయ్యడం దిద్దుబాటు కాదు. ఆ రాత్రి అంబులెన్సులు పంపిన జిల్లా యంత్రాంగం పార్వతీపురం మన్యానిది కాదు, అప్పటికి అది పుట్టనే లేదు. ‘అప్పటి విజయనగరం జిల్లా’ అన్న రెండు మూడు మాటలు చాలు.

ఇక కొటియా సంగతి. పొట్టంగి వైపు వాళ్ళకూ సాలూరు వైపు వాళ్ళకూ మేం కొత్తగా చెప్పేది లేదు. ఇరవయ్యొక్క ఊళ్ళు, మావంటే మావనే రెండు రాష్ట్రాలు. తగువు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, ఉన్నది ఉన్నట్టుంచమని కోర్టు అంది. రెండు వైపుల రేషను కార్డులూ, రెండు వైపుల ఓటరు కార్డులూ ఉన్న ఇళ్ళు అక్కడ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మూడు ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ మూడు ఊళ్ళ పేర్లు చూడండి. ఒడిశా కాగితాల్లో గంజేయిపదర్, ఫటుసినేరి, ఫగుణసినేరి. ఆంధ్ర కాగితాల్లో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు. కొండ అదే, వాగు అదే, మనుషులూ వాళ్ళే.

పట్టుచెన్నూరుకు ఒక పేజీ, ఫటుసినేరికి ఇంకో పేజీ పుట్టాయనుకోండి. ఒకే ఊరికి రెండు పేజీలు ఉండకూడదు, నిజమే. ఏదో ఒకటి పోవాలి. ఏది? అక్కడే కత్తులు బయటికొస్తాయి. సాలూరు అభిమాని ఒడియా పేరున్న పేజీని తీసెయ్యమంటాడు, పొట్టంగి అభిమాని తెలుగు పేరున్నదాన్ని. మా మాట ఇది: రెండిట్లో ఉన్న సంగతులనూ ఒకచోటికి చేర్చండి. ఏ పేరు శీర్షికగా ఉండాలో చర్చ పేజీలో తేల్చుకోండి. శీర్షిక కాని పేరును చంపకండి, దాన్ని దారిమార్పుగా ఉంచండి. దారిమార్పు అంటే పాత ఇంటి గుమ్మానికి ‘ఫలానా వీధికి మారాం’ అని కట్టే బోర్డు. ఆ పేరు కొట్టినవాడు దారి తప్పకుండా అసలు పేజీకి చేరతాడు. ఏ రాష్ట్రం ఏమంటోందో, ఎప్పటినుంచి అంటోందో, కోర్టులో ఏముందో లోపల తేదీలతో రాయండి. మీ గుండె ఏ వైపు కొట్టుకుంటుందో మాత్రం రాయకండి. అది తేల్చడానికి కోర్టుంది.

ఈ గొడవ మన ఒక్కరిదే అనుకోకండి. పోలండులో బాల్టిక్ సముద్రం ఒడ్డున గ్దాన్‌స్క్ అనే రేవుపట్నం ఉంది. జర్మన్లు దాన్ని డాంజిగ్ అనేవాళ్ళు. ఇంగ్లీషు వికీపీడియాలో ఈ రెండు పేర్ల మీద ఒకరు దిద్దితే ఇంకొకరు చెరుపుతూ తెగ కుస్తీ పట్టారు. చివరికి 2005లో ఓటింగు పెట్టుకున్నారు. 1308 నుంచి 1945 దాకా జరిగిన సంగతులు చెప్పేటప్పుడు డాంజిగ్, మిగతా కాలానికి గ్దాన్‌స్క్ అని తేలింది. ఎవరి పేరూ పోలేదు. కాలాన్ని బట్టి పంచుకున్నారు. మన రాయగడకూ గుణుపురానికీ జయపురానికీ ఈ లెక్క అచ్చంగా సరిపోతుంది.

జయపురం అన్నాం కదా, అదో వేరే తలనొప్పి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్న మహారాజు విక్రమదేవ వర్మ, 1869లో పుట్టి 1951లో పోయిన ఆ తెలుగు, ఒడియా సాహితీప్రియుడు, మన జయపురం రాజు. కానీ ‘జైపూర్ మహారాజు’ అని ఎవరైనా రాస్తే, దానికి లింకు పెట్టేవాడు తిన్నగా రాజస్థాన్ గులాబీ నగరానికి పెట్టేస్తాడు. ఎడారి రాజులు విశాఖ కాలేజీలకు డబ్బు పంపారని మన పిల్లలు చదువుకుంటారు. ఇలాంటి లింకు ఎక్కడ కనబడ్డా వెంటనే విప్పి కట్టండి. సెమిలిగుడ కథా అంతే. కోరాపుట్ జిల్లా సెమిలిగుడ పట్టణం వేరు, కొత్తవలస–కిరండూల్ లైను మీద అనంతగిరి మండలంలో ఉన్న శిమిలిగుడ స్టేషను వేరు.

ఆ స్టేషనంటే మనకు గర్వం. దేశంలో అన్నిటికన్నా ఎత్తున్న బ్రాడ్‌గేజి స్టేషను, 996 మీటర్లు అని చిన్నప్పటినుంచి చెప్పుకున్నాం. ఆ గౌరవం చాలాకాలం నిలిచింది కూడా. 2008లో కాశ్మీరు లోయలో రైలు మొదలయ్యాక అది చెల్లదు, అక్కడి స్టేషన్లు 1,500 మీటర్లు దాటి ఉన్నాయి. మనసు ఒప్పకపోయినా ఒప్పుకోవాలి. వాక్యాన్ని తీసెయ్యనక్కర్లేదు, ‘కాశ్మీరు లోయకు రైలు వచ్చేదాకా’ అని చేరిస్తే మన గర్వమూ ఉంటుంది, నిజమూ ఉంటుంది.

రైలు మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు కళ్ళముందు పాతబడుతున్న పేజీ ఒకటి చెబుతాం. 2025 జనవరి 6న ప్రధానమంత్రి రాయగడ రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన చేశారు. ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీయడానికి ఆమోదం తెలిపింది. ఒక ముక్క విశాఖపట్నం డివిజన్ అన్న పేరుతో మిగిలింది. కొత్తవలస–బచేలి, కూనేరు–తెరుబలి, సింగపురం రోడ్–కోరాపుట్, పర్లాకిమిడి–గుణుపురం మార్గాలు, దాదాపు 680 కిలోమీటర్లు, రాయగడ డివిజన్‌కు వచ్చాయి. ‘వాల్తేరు డివిజన్ ఇక లేదు కదా, పేజీ తీసెయ్యండి’ అనే మహానుభావుడు తప్పక బయల్దేరతాడు. అడ్డుపడండి. మన నాన్నలు, మావయ్యలు ఉద్యోగం చేసింది ఆ డివిజన్‌లోనే. దాని చరిత్ర దానికుండాలి, ఎక్కడ ముగిసిందో తేదీ ఉండాలి, అక్కడినుంచి రెండు కొత్త పేజీలకు దారి ఉండాలి.

జనాభా లెక్కల మీద కూడా కొందరికి చిరాకు. ‘కోరాపుట్ జిల్లా జనాభా 13,79,647, రాయగడ జిల్లా 9,67,911 అని ఉంది, ఎప్పటివో, తీసెయ్యండి’ అంటారు. అవి 2011 జనగణన అంకెలు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు, జనాన్ని లెక్కపెట్టడం 2027కు పడింది. పాత అంకె తీసేస్తే చేతిలో మిగిలేది సున్నా. అంకె పక్కన సంవత్సరం రాయండి, చాలు. ‘ఇప్పుడు సుమారు ఇంతుంటుంది’ అని సొంత గుణకారాలు మాత్రం చెయ్యకండి.

ఇంత చెప్పాక, తొలగింపే వద్దంటున్నాం అనుకోకండి. తీసెయ్యాల్సినవి ఉన్నాయి, మొహమాటం లేకుండా తీసెయ్యాలి. పేపరు నుంచి మక్కీకి మక్కీ ఎత్తి అంటించినవి, దుకాణం ప్రకటనలు, లేని ఊరికి పుట్టించిన పేజీలు, ఒకరి పరువు తీయడానికి రాసినవి ఈ కోవలోకే వస్తాయి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. వికీలో నేను రాసిన మొట్టమొదటి పేజీ మా మావయ్య మీద. ఆయన ఊరికి చేసిన మేలు, ఆయన గంభీరమైన గొంతు, నాటకంలో ఆయన వేసిన దుర్యోధనుడి వేషం అన్నీ రాశాను. మూలం ఒక్కటీ లేదు, పేపర్లో ఒక ముక్కా లేదు. మూడో రోజుకి పేజీ మాయమైంది. వారం రోజులు అన్నం సయించలేదు. మనమంటే చులకన, ఏజెన్సీ వాళ్ళమని తొక్కేశారని నలుగురికీ చెప్పుకు తిరిగాను. తరువాత చల్లబడి, తీసేసిన నిర్వాహకుణ్ణి అడిగాను. ఆయన విసుక్కోకుండా తొలగించిన పాఠమంతా తిరిగిచ్చారు, ఎందుకు నిలవదో రెండు వాక్యాల్లో చెప్పారు. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. కాకిపిల్ల కాకికి ముద్దు. అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది, మా ఊరి నాటక సమాజం. దానికి ఆధారాలు వెతుకుతున్నాను.

నాకు తెలిసొచ్చిందేమిటంటే, వికీలో తొలగింపు అంటే కాల్చెయ్యడం కాదు. మామూలు పాఠకుడికి కనబడదు గానీ నిర్వాహకులకు కనబడుతుంది, కావాలంటే వెనక్కి తేగలరు. ఎవరు తీశారో, ఏ కారణంతో తీశారో తొలగింపు చిట్టాలో ఉంటుంది. మీ పేజీ పోతే, వికీ వాళ్ళంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో గుండెలు బాదుకోకండి. ముందు ఆ కారణం చదవండి. కారణం సరైనదైతే పాఠం అడిగి పుచ్చుకుని ఆధారాలతో మళ్ళీ కట్టండి. కారణం సరికాకపోతే అప్పుడు రచ్చబండకెక్కండి, మేమూ వస్తాం.

అలాగే ఒక పేజీని తీసెయ్యమని మీరే అడగబోతున్నారా? ఒక్క పని చేసి అడగండి. పక్కన ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అని ఉంటుంది, అది నొక్కండి. ఆ పేజీ మీద ఎన్ని పేజీలు ఆధారపడి ఉన్నాయో బయటపడుతుంది. చూడకుండా తీసేస్తే వాటన్నిటిలో ఎర్రలింకులు మిగులుతాయి. తలుపు తీస్తే అవతల గది లేని ఇల్లులాగా ఉంటుంది.

‘ప్రభుత్వ వెబ్‌సైటు ఉండగా ఇదంతా మనకెందుకు?’ అని అడిగారు ఒక పెద్దాయన. ప్రభుత్వ సైటులో ఈ రోజు మాత్రమే ఉంటుంది. నిన్న ఏముందో అది చెప్పదు, కొన్నాళ్ళకు ఆ చిరునామాయే మారిపోతుంది. వికీలో పేజీ పైన ‘చరిత్ర’ నొక్కితే మొదటి రోజు నుంచి ఎవరు ఏ అక్షరం మార్చారో గంటా నిమిషంతో సహా కనబడుతుంది. కాబట్టి దిద్దేటప్పుడు దిద్దుబాటు సారాంశంలో ఎందుకు మార్చారో నాలుగు మాటలు రాయండి. ఇరవయ్యేళ్ళ తరువాత మీ మనవడు చదువుతాడు.

ఆధారాలెక్కడ అంటారా? మన గురించి పుస్తకాలకు కొదవలేదు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీరులో మన తాలూకాలన్నీ ఉన్నాయి, అప్పటికి మనం ఆ జిల్లానే కదా. 1945లో ఆర్.సి.ఎస్. బెల్ రాసిన కోరాపుట్ గెజిటీరు ఉంది, 1966లో మరొకటి వచ్చింది. మీ ఇంట్లో పాత కాగితాలుంటే దాచుకోండి, మంచిదే. కానీ ‘మా నాన్న చెప్పాడు’ అన్నది వికీలో ఆధారం కాదు. అచ్చయిన చోట చూపించాలి. వెబ్ లింకు ఇచ్చేటప్పుడు వేబ్యాక్ మెషీన్‌లో ఒక నకలు భద్రం చేసి దాని చిరునామా కూడా ఇవ్వండి, అసలు సైటు చచ్చినా మీ వాక్యం నిలుస్తుంది.

అసలు చిక్కు ఎక్కడుందో మాకు తెలుసు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు చదవగలిగిన పెద్దలకు ఫోనులో టైపు చెయ్యడం రాదు, టైపు చెయ్యగలిగిన పిల్లలకు తెలుగు అక్షరం రాదు. ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టండి. అమ్మమ్మ చదువుతుంది, మనవరాలు నొక్కుతుంది. ఫోనుకి నోటితో చెబితే తెలుగులో రాసిపెడుతుంది, తప్పులు అమ్మమ్మ పట్టుకుంటుంది. ఒడియా వికీపీడియా మనకన్నా ఏడాదిన్నర ముందే, 2002 జూన్‌లో మొదలైంది. అందులో మన ఊరి పేజీ ఎలా ఉందో మనవరాలు చదివి చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పాతబడిందో అరగంటలో తేలిపోతుంది. రెండు భాషలూ వచ్చిన మనం కాక ఈ పని విజయవాడ వాళ్ళు చేస్తారా, భువనేశ్వర్ వాళ్ళు చేస్తారా?

రాయగడ, గుణుపురం, బిస్సంకటకం, మునిగుడ, జయపురం, కోరాపుట్, సునాబేడ, పొట్టంగి, లక్ష్మీపూర్, నారాయణపట్న వాస్తవ్యులారా! ఈ రాత్రి తెలుగు వికీపీడియా తెరిచి మీ ఊరి పేరు కొట్టండి. పేజీ ఉంటే మొదటి వాక్యంలో జిల్లా, రాష్ట్రం సరిగా ఉన్నాయో లేదో చూసి, తేదీతో దిద్దండి. లేకపోతే మూడు వాక్యాలు, ఒక ఆధారంతో మొలకగా నాటండి. తొలగింపు మూస వేలాడుతుంటే చర్చ పేజీలోకి వెళ్ళి మీకు తెలిసింది మర్యాదగా చెప్పండి. చెయ్యి తిరగకపోతే మీ వీధిలో డిగ్రీ చదివే పిల్లని పిలవండి, టీ ఇప్పించండి.

చదివాక ఈ కాగితం పక్కింటివారికివ్వండి. తెలుగు చదవడం రాని పిల్లలకు మీరే చదివి వినిపించండి.

ఇట్లు,
మీ రాయగడ తెలుగువాడు